తెల్లవారుజాము పరుగు, తోటివాళ్లు, చేతిలో ఫోను: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో తార్నాక వైపు ఒక చిన్న పరుగు గుంపు మాది. పదేళ్లుగా వారానికి నాలుగు రోజులు ఉస్మానియా విశ్వవిద్యాలయం రోడ్ల మీద పరుగెత్తుతున్నాం. కొత్తగా వచ్చేవాళ్లు బూట్ల గురించో మోకాళ్ల గురించో అడుగుతారని అనుకుంటాం. నిజానికి ఎక్కువగా అడిగేది మనుషుల గురించే. ఎవరితో రావాలి, వెనకబడితే నవ్వుతారా, పరుగు లెక్కలు నమోదు చేసి మిత్రులకు చూపించే స్ట్రావా యాప్ ఫోనులో పెట్టుకోవాలా, ఇంట్లో ఏమని చెప్పాలి? ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి చెప్పి విసుగొచ్చి అన్నీ ఇలా ఒకచోట రాసి పెడుతున్నాను. మోకాళ్ల సంగతి వైద్యులను అడగండి.

పరుగెత్తడానికి రెండు కాళ్లు చాలవా? గుంపు ఎందుకు?

చాలు. క్రికెట్‌కు పదకొండు మంది కావాలి, షటిల్‌కు అవతలివైపు ఒకరైనా ఉండాలి. పరుగుకు ఎవరూ అక్కర్లేదు. అందుకే మానేయడం కూడా అంత తేలిక. ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు కదా.

నాలుగున్నరకు అలారం మోగినప్పుడు మనసు వంద సాకులు వెతుకుతుంది. నిన్న రాత్రి ఆలస్యమైంది, ఆకాశం మబ్బుగా ఉంది, రేపటి నుంచి గట్టిగా మొదలుపెడదాం. ఆర్ట్స్ కాలేజీ ముందు ఒక మనిషి మన కోసం నిలబడి ఉన్నాడని తెలిస్తే ఆ వంద సాకుల్లో ఒక్కటీ పనికిరాదు. సంకల్పబలం అని పెద్ద మాటలు వాడతాం గానీ, నేను చూసినంతవరకు తెల్లవారుజామున మనిషిని మంచం మీంచి దించేది మొహమాటం. ఆ సరుకుకు మన తెలుగువాళ్లలో కొరత లేదు. పెళ్లి పంక్తిలో ఇంకో బూరె వేయించుకునేదీ ఆ మొహమాటంతోనే. దాన్ని కరిగించడానికి కూడా అదే వాడుకుంటే తప్పేముంది?

స్నేహితులు పరుగెత్తితే మనమూ పరుగెత్తుతామన్నది నిజమేనా, ఊరికే అనే మాటా?

నిజమే. అయితే దాన్ని రుజువు చేయడం అనుకున్నంత సులువు కాదు. పరుగు ఇష్టపడేవాళ్లు పరుగు ఇష్టపడేవాళ్లతోనే తిరుగుతారు. ఇద్దరు మిత్రులు ఒకే రోజు పరుగెత్తారంటే ఒకరిని చూసి ఒకరు వచ్చారా, ఇద్దరికీ ముందునుంచీ ఆ పిచ్చి ఉందా, లేక ఆ రోజు ఊళ్లో హాయిగా చల్లగా ఉందా? బయటినుంచి చూసేవాడికి మూడూ ఒకేలా కనిపిస్తాయి.

అమెరికాలోని ఎంఐటీకి చెందిన సినాన్ అరాల్, క్రిస్టోస్ నికొలైడిస్ ఈ చిక్కుముడి విప్పి 2017లో 'నేచర్ కమ్యూనికేషన్స్' పత్రికలో ప్రచురించారు. పరుగు వివరాలను ఒకరితో ఒకరు పంచుకునే వేదికలో ఉన్న సుమారు 11 లక్షల మంది ఐదేళ్లలో పరుగెత్తిన 35 కోట్ల కిలోమీటర్ల పైచిలుకు లెక్కలు వాళ్ల చేతికొచ్చాయి. వాళ్లు పట్టుకున్న కిటుకు వాన.

మీరు హైదరాబాద్‌లో, మీ మిత్రుడు విజయవాడలో ఉన్నారనుకోండి. (ఉదాహరణ నాది, వాళ్ల లెక్కల్లో దేశదేశాల ఊళ్లు ఉన్నాయి.) అక్కడ జోరున వాన, ఆయన ఇంట్లోనే ఉండిపోయాడు. ఇక్కడ నేల పొడిగా ఉంది. విజయవాడ వాన మీ బూట్లను తడపదు. అయినా ఆ రోజు మీ పరుగు తగ్గిందంటే అందుకు కారణం వాన కాదు, ఆ మిత్రుడు. ఇలా మిత్రుడి ఊరి వాతావరణాన్ని అడ్డం పెట్టుకుని, మనసుకు మనసు అంటించే భాగం ఎంతో విడదీసి చూశారు. మిత్రులు ఒక కిలోమీటరు ఎక్కువ పరుగెత్తిన రోజున మనం సుమారు 300 మీటర్లు ఎక్కువ పరుగెత్తుతామని తేలింది. వాళ్లు పది నిమిషాలు ఎక్కువ పరుగెత్తితే మనకు మూడు నిమిషాలు కలుస్తాయి.

మూడు వందల మీటర్లంటే పెద్ద దూరం కాదు. అయితే ఎక్కడో కనబడని ఊళ్లో పడిన వాన మన ఊళ్లో మన కాళ్లను ఆపగలదన్న సంగతి నన్ను చాలా రోజులు వదల్లేదు.

అయితే బాగా పరుగెత్తేవాళ్లతో స్నేహం చేస్తే సరిపోతుందా?

అందరూ అలాగే అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. ఆ పరిశోధనలో తేలింది దానికి తిరగబడి ఉంది. తక్కువ పరుగెత్తేవాళ్లు ఎక్కువ పరుగెత్తేవాళ్లను కదిలిస్తున్నారు, ఎక్కువ పరుగెత్తేవాళ్లు తక్కువ పరుగెత్తేవాళ్లను అంతగా కదిలించడం లేదు. ముందున్నవాడు ఎంత ముందున్నా మనకు పట్టదు. వెనక ఉన్నవాడు దగ్గరికొస్తున్నాడంటే మాత్రం ఒళ్లు జలదరిస్తుంది. చదువుకునే రోజుల్లో ఫస్టు ర్యాంకు వాడిని చూసి కాదు, మన కింద ఉన్నవాడు పై ర్యాంకులోకి వస్తున్నాడంటేనే కదా రాత్రి దీపం పెట్టుకుని కూర్చున్నది.

అయితే ముందున్నవాడి వల్ల అసలు లాభం లేదనీ కాదు, ఇంకో పాత సంగతి ఆ రెండోవైపు చూపిస్తుంది. 1920లలో బెర్లిన్‌లో ఒట్టో కోలర్ అనే మనస్తత్వవేత్త పడవ నడిపే క్లబ్బు సభ్యులతో బరువులెత్తించి చూశాడు. మొదట ఒక్కొక్కరితో, తర్వాత ఇద్దరేసి కలిసి. జంటలో బలహీనుడు చేతులెత్తేస్తే ఇద్దరి పనీ ఆగిపోతుంది. తీరా చూస్తే ఆ బలహీనుడు ఒంటరిగా ఉన్నప్పటికన్నా ఎక్కువసేపు నిలబడ్డాడు. అయితే ఇద్దరి బలానికీ మధ్య తేడా ఓ మాదిరిగా ఉన్నప్పుడే ఇది బాగా కనిపించింది. తేడా మరీ ఎక్కువైతే ఆశ వదిలేసుకుంటాడు, అసలు లేకపోతే పట్టుదల పుట్టదు. కనుక మీ తోడుకోసం వెతికేటప్పుడు మారథాన్ పతకాల దండ వేసుకున్నవాడి వెంట పడకండి. మీకన్నా కొంచెం ముందో కొంచెం వెనకో ఉన్నవాళ్లను చూసుకోండి.

గుంపులు ఎందుకు చెదిరిపోతాయి?

మా గుంపు కథే చెబుతాను. మాలో ఒక బ్యాంకు ఉద్యోగి ఉండేవారు. మేమంతా బ్యాంకు సార్ అనేవాళ్లం. యాభై నాలుగేళ్లు, కొంచెం పొట్ట, కిలోమీటరుకు ఎనిమిదిన్నర నిమిషాలు. అందరికన్నా చివరగా వచ్చేది ఆయనే. రోజూ నాలుగూ నలభైకి వాట్సాప్‌లో ఒకే మాట పెట్టేవారు: 'బయల్దేరాను'. దాని కింద ఎవరైనా ఇద్దరి పేర్లు, ఒక ప్రశ్నార్థకం. ఈ రోజు నా పేరు, రేపు ఇంకొకరిది. ఆ ప్రశ్నార్థకం చూశాక మళ్లీ దుప్పటి కప్పుకోవడం ఎవరి తరమూ కాలేదు.

ఆయనకు వైజాగ్ బదిలీ అయింది. టీ కొట్టు దగ్గర ఆయనకు శాలువా కప్పి పంపించాం. ఆరు వారాలు తిరిగేసరికి పద్నాలుగు మందిమి ఐదుగురమయ్యాం. మాలో అందరికన్నా వేగంగా పరుగెత్తే కుర్రవాడు మాత్రం ఒక్క రోజూ మానలేదు. రోజూ ఆర్ట్స్ కాలేజీ ముందునుంచి బాణంలా దూసుకుపోయేవాడు. అతణ్ని చూసి వెనక్కి వచ్చినవాడు ఒక్కడూ లేడు.

అప్పటికి గానీ అర్థం కాలేదు. మేమంతా ఒకరికొకరు స్నేహితులమనుకున్నాం, నిజానికి మాలో చాలామందికి ఉన్న ముడి బ్యాంకు సార్‌తోనే. ఆయన లేకపోయేసరికి పువ్వులు పువ్వులుగానే ఉన్నాయి, దారం తెగింది. తర్వాత ఆ 'బయల్దేరాను' బాధ్యత మా లెక్కల టీచరమ్మకు అప్పగించాం. వేగంలో ఆవిడ చివరినుంచి రెండో స్థానం. ఆవిడ ప్రశ్నార్థకంతో పాటు హాజరుపట్టీ కూడా మొదలుపెట్టారు. ఇప్పుడు ఇరవై ఇద్దరం.

చేరాలంటే ఎంత వేగం ఉండాలి?

నడవగలిగితే చాలు. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు, పద్ధతే అది. మొదటి నెలంతా ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. 1996లో జోష్ క్లార్క్ అనే అమెరికన్ తయారుచేసిన 'కౌచ్ టు 5కె' ప్రణాళిక ఈ పరుగు-నడక కలబోతే. తొమ్మిది వారాలు, వారానికి మూడు రోజులు. తొమ్మిదో వారానికి ఆగకుండా అరగంట. మన దగ్గర చాలా క్లబ్బులు కొత్తవాళ్లకు ఇదే నేర్పుతాయి.

పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలుగుతుంటే మీ వేగం సరిగ్గా ఉన్నట్టు. 'ఊఁ', 'ఆఁ' మాత్రమే వస్తుంటే తగ్గించండి. మా గుంపులో పరుగు సగం కబుర్లు, అందుకే ఎవరూ అతివేగం పోరు. పరుగు మానేసినా కబుర్ల కోసం వచ్చేవాళ్లు ఇద్దరున్నారు. వాళ్లను ఎవరూ ఏమీ అనరు.

హైదరాబాద్‌లో ఈ సందడి ఎప్పటినుంచి?

కేబీఆర్ పార్కు చుట్టూ, ఇందిరా పార్కులో, కాలనీ గ్రౌండుల్లో నడిచేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. పరుగు కోసమే కలిసిన గుంపుల్లో ముందు చెప్పుకోవలసింది 2007లో మొదలైన హైదరాబాద్ రన్నర్స్. వేళ్లమీద లెక్కపెట్టగలిగినంత మందితో మొదలై, ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌ను నిర్వహించేదాకా ఎదిగింది. ఇటీవలి ఏళ్లలో ఆ మారథాన్ నెక్లెస్ రోడ్డులోని పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తోంది. మధ్యలో వచ్చే ఫ్లైఓవర్లను తలచుకుని కొందరు ముందురోజు రాత్రి నిద్రపోరు. ముంబయి, బెంగళూరు పందేలతో పోలిస్తే ఎత్తుపల్లాలు ఎక్కువని వాటన్నిటిలో పరుగెత్తినవాళ్లు చెబుతారు. పైగా ఆగస్టు ఉక్కపోత.

ఆ తర్వాత ఊరు పెరిగినకొద్దీ గుంపులూ పెరిగాయి. అపార్టుమెంటుకొకటి, ఆఫీసుకొకటి, చెరువుకొకటి. వైజాగ్‌వాళ్లను చూస్తే మాకు కొంచెం అసూయ. తెల్లవారుజామున ఆర్కే బీచ్ రోడ్డులో వాహనాలను ఆపేస్తారు, పక్కన సముద్రం. బ్యాంకు సార్ అక్కడినుంచి ఫొటోలు పంపుతూ ఉంటారు. ఆయనకు అక్కడ ఇప్పుడు కొత్త గుంపు ఉంది, వాళ్లకూ నాలుగూ నలభైకే మెసేజి వెళుతుందట.

స్ట్రావా పెట్టుకోవాలా?

మీ ఇష్టం. పెట్టుకోకపోతే పరుగు తక్కువైపోదు. అది ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే దాన్ని ఎలా వాడాలో తెలుస్తుంది. మార్క్ గెయినీ, మైకేల్ హోర్వత్ ఇద్దరూ హార్వర్డ్‌లో పడవ పందేల జట్టులో కలిసి ఉన్నవాళ్లు. చదువయ్యాక జట్టు విడిపోయింది. రోజూ పక్కన తెడ్డు వేసినవాళ్లు లేరన్న లోటు తీర్చుకోవడానికి పుట్టిన ఆలోచన 2009లో స్ట్రావా అయింది. ఆ పేరు స్వీడిష్ మాట, 'పాటుపడు' అని అర్థం. మొదట సైకిళ్లవాళ్లకోసమే తీసుకొచ్చారు.

అంటే అది తోటివాడు పక్కన లేనప్పుడు వాడే ఊతకర్ర. తోటివాడు పక్కనే ఉండగా ఆగి ఆగి గడియారం చూసుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అమెరికా వెళ్లిన మా కుర్రవాడు డాలస్‌లో పరుగెత్తి వచ్చి నమోదు చేస్తే మేమంతా ఇక్కడ మెచ్చుకోలు నొక్కుతాం, అదీ దానికి సరైన వాడకం.

ఆ మెచ్చుకోళ్ల వల్ల నిజంగా ఏమైనా జరుగుతుందా?

ఆ యాప్‌లో ఇష్టపడ్డామని నొక్కే బొటనవేలి గుర్తును కుడోస్ అంటారు. నెదర్లాండ్స్ పరిశోధకులు కొన్ని పరుగు క్లబ్బుల సభ్యుల వివరాలు తీసుకుని చూస్తే, కుడోస్ ఎక్కువ అందుకున్నవాళ్లు తర్వాత ఎక్కువ పరుగెత్తినట్టు కనిపించింది. నాకు ఆశ్చర్యం కలగలేదు. మా టీచరమ్మ మొదటిసారి ఐదు కిలోమీటర్లు పూర్తిచేసిన రోజున పది మంది నొక్కారు. ఆవిడ సాయంత్రం దాకా స్టాఫ్ రూములో అందరికీ ఆ తెర చూపించారట.

అయితే ఇందులో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ఇరవై కిలోమీటర్లు పరుగెత్తినవాడికి నలభై మంది నొక్కుతారు, రెండు కిలోమీటర్లు అతికష్టం మీద లాగినవాణ్ని ఎవరూ పట్టించుకోరు. ఆ నొక్కు అవసరమైనది రెండోవాడికి. మీకు రోజుకు ఒక్క కుడోస్ ఇచ్చే ఓపికే ఉంటే, అది జాబితాలో అందరికన్నా తక్కువ దూరం వచ్చినవాళ్లకు ఇవ్వండి.

అందరూ నాకన్నా వేగంగా ఉన్నారు. ఆ తెర చూస్తే దిగులుగా ఉంటోంది.

ఆ దిగులు మీ ఒక్కరిది కాదు. ఆ తెరలో ఎదుటివారి కిలోమీటర్లే కనిపిస్తాయి. వాళ్లు మానేసిన రోజులు, మడమ నొప్పితో ఐసు పెట్టుకుని కూర్చున్న సాయంత్రాలు, ఇంట్లో పడిన మాటలు కనిపించవు. మాలో ఒకాయన పక్క గుంపువాడి వారం లెక్కను దాటాలని మూడు వారాల్లో దూరం రెట్టింపు చేశాడు. ఎముకలో సన్నని చీలిక వచ్చింది. రెండు నెలలు నడక కూడా లేదు. ఆ పక్క గుంపువాడికి వీడెవడో తెలియను కూడా తెలియదు!

మందు చెప్పమంటారా? నెల రోజులు యాప్ తీసేయండి. లేదా నమోదును మీకొక్కరికే కనిపించేలా పెట్టుకోండి. గుంపుకు రావడం మాత్రం మానకండి. దిగులు పుట్టించేది అంకెలు. పక్కన ఆయాసపడుతూ వచ్చే మనిషి ఎప్పుడూ దిగులు పుట్టించడు.

వేరేవాళ్లతో పరుగెత్తించి తమ పేరు మీద వేసుకుంటారని విన్నాను. నిజమా?

నిజం! 2024లో ఇండోనేషియాలో 'స్ట్రావా జాకీలు' అని ఒక కొత్త కూలిపని పుట్టింది. డబ్బిస్తే మీ ఖాతాతో వాళ్లు పరుగెత్తి పెడతారు. వేగాన్ని బట్టి, దూరాన్ని బట్టి ధర. చదివినప్పుడు కడుపుబ్బ నవ్వుకున్నాను. పూర్వం పరోక్షంగా మొక్కు తీర్చుకునే ఏర్పాట్లు చేసుకున్నవాళ్ల వారసులే వీళ్లు. అయితే మోసం యాప్‌లతో పుట్టింది కాదు. 1980 బోస్టన్ మారథాన్‌లో మహిళల విభాగంలో మొదట వచ్చిన రోజీ రూయిజ్ దారంతా పరుగెత్తలేదని తేలి, కొద్ది రోజులకే ఆ గెలుపును రద్దు చేశారు. చెమట కూడా సరిగా పట్టకపోవడం అప్పుడే చాలామందికి అనుమానం తెప్పించింది. ఆర్ట్స్ కాలేజీ ముందుకు జాకీని పంపడం కుదరదు. గుంపుకున్న సౌకర్యాల్లో అదొకటి.

దారి పటం అందరికీ కనిపిస్తే ప్రమాదమా?

అవును, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. 2017 నవంబరులో స్ట్రావా తన సభ్యుల దారులన్నిటినీ కలిపి ప్రపంచ పటం మీద వెలుగు గీతలుగా ప్రచురించింది. 2018 జనవరిలో ఆస్ట్రేలియా విద్యార్థి ఒకరు దాన్ని తిరగేస్తూ అఫ్గానిస్థాన్, సిరియా లాంటి చోట్ల చీకటి మధ్య చిన్న చిన్న వెలుగు వలయాలు గమనించారు. సైనికులు తమ స్థావరాల లోపల పరుగెత్తిన దారులవి. రహస్యంగా ఉండాల్సిన గోడల ఆకారం పరుగు గీసి చూపించింది. సైన్యాలే నాలుక కరుచుకున్నాయి.

మన ఇల్లు సైనిక స్థావరం కాదు గానీ, రోజూ ఐదింటికి ఏ గేటునుంచి ఒంటరిగా బయటికొస్తామో ఊరందరికీ చెప్పనక్కర్లేదు. సెట్టింగుల్లో పరుగు మొదలైన చోటు, ముగిసిన చోటు దాచిపెట్టే వీలుంది. చేరిన రోజే ఆ పని చేయండి. మీ వివరాలు మీరు ఒప్పుకున్నవాళ్లకే కనిపించేలా పెట్టుకోండి. పటంలో ఏనుగు బొమ్మ గీయాలన్న సరదా ఉంటే ఇంటికి దూరంగా గీయండి.

నేను మహిళను. మీ గుంపులో అందరూ మగవాళ్లేనా?

మూడేళ్ల పాటు దాదాపు అంతే. ఒకే ఒక్క అమ్మాయి వచ్చేది, రెండు వారాలు వచ్చి నెల మానేసేది. మేము 'రావాలమ్మా, రావాలి' అని ప్రోత్సహించడమే పెద్ద ఘనకార్యమనుకున్నాం. తర్వాత టీచరమ్మ చేరారు. ఆ రోజునుంచి ఆ అమ్మాయి మానలేదు. ఇప్పుడు తొమ్మిది మంది మహిళలున్నారు. అందులో ఏడుగురు ఈ ఇద్దరిలో ఎవరో ఒకరికి తెలిసినవాళ్లు: తోడికోడలు, పక్కింటావిడ, అదే స్కూలు పీఈటీ. ముందు చెప్పిన పరిశోధనలోనూ ఇదే ఉంది. మగవాళ్లు ఇటు మగవాళ్లను, అటు ఆడవాళ్లను చూసి కదిలారు. ఆడవాళ్లను కదిలించింది ఆడవాళ్లే. మా ఘనమైన ప్రోత్సాహానికి విలువెంతో దాంతో తెలిసింది.

చీకటి రోడ్డు, వీధికుక్కలు, బైకుల మీంచి విసిరే మాటలు అన్నీ ఉన్నాయి, లేవని అబద్ధం చెప్పను. మా నియమం ఒక్కటే: చివరి మనిషి ఎప్పుడూ ఒంటరిగా ఉండకూడదు. ఇక అందరూ మాట్లాడని అడ్డంకి ఇంకొకటుంది. ఆదివారం ఇరవై కిలోమీటర్లు పరుగెత్తి ఇంటికెళ్లిన మగవాడికి టేబుల్ మీద వేడి దోసె ఉంటుంది. అతని పక్కన అదే దూరం పరుగెత్తిన ఆవిడ ఇంటికెళ్లి పిండి రుబ్బుతుంది. గుంపులో సమానత్వం గేటు దగ్గరే ఆగిపోతోంది. ఈ మాట టీ కొట్టు దగ్గర అన్నప్పుడల్లా కొందరు మగవాళ్లకు హఠాత్తుగా ఆఫీసు పని గుర్తొస్తుంది.

పందేనికి పేరు ఇచ్చుకోవాలా? డబ్బు దండగ కాదా?

మొదటి ఆరు నెలలు అక్కర్లేదు. ఆ తర్వాత ఏడాదికొకటి మంచిదే. తేదీ ఒకటి గోడ మీద ఉంటే సాధన దారిలో పడుతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే దూరానికి పేర్లు ఇవ్వండి. పెద్ద పందేల్లో పేసర్లుంటారు. వీపుకు జెండానో బెలూనో కట్టుకుని, చెప్పిన సమయానికి గమ్యం చేర్చేవాళ్లు. వాళ్ల వెంట వెళ్లే గుంపును మనవాళ్లు బస్సు అంటారు. 'నేను రెండున్నర గంటల బస్సు ఎక్కుతున్నా' అంటే హాఫ్ మారథాన్‌ను, అంటే ఇరవై ఒక్క కిలోమీటర్ల పైచిలుకు దూరాన్ని, సుమారు అంతసేపట్లో ముగించాలనుకుంటున్నట్టు. ముఖం తెలియనివాళ్ల మధ్య రెండు గంటలకు పుట్టే ఆ చుట్టరికం చిత్రమైనది. పదహారో కిలోమీటరు దగ్గర నా చేతిలో ఖర్జూరం పెట్టిన పెద్దాయన పేరు ఇప్పటికీ నాకు తెలియదు.

నేను విదేశంలో ఉంటున్నాను. ఎవరూ తెలియరు.

బ్రిటన్, ఆస్ట్రేలియా, సింగపూర్, అమెరికా లాంటి చోట్ల ఉంటే పార్క్‌రన్ కోసం చూడండి. 2004 అక్టోబరు 2న లండన్ బుషీ పార్కులో పాల్ సింటన్-హ్యూయిట్ పదమూడు మందితో మొదలుపెట్టారు. గాయమై తను పరుగెత్తలేని రోజుల్లో మిత్రులకు దూరం కాకుండా ఉండటానికి చేసిన ఏర్పాటది. శనివారం ఉదయం ఐదు కిలోమీటర్లు, రుసుము లేదు. ఒకసారి నమోదైతే వచ్చే బార్‌కోడు ఎక్కడైనా చెల్లుతుంది. నాకు అందులో అన్నిటికన్నా నచ్చింది టెయిల్ వాకర్. అందరి వెనక నడిచే వాలంటీరు. ఆ మనిషి ఉన్నంతకాలం కొత్తగా వచ్చిన మీరు ఎంత నెమ్మదిగా నడిచినా చివరివారు కారు. ఆ పని మన బ్యాంకు సార్ జీతం తీసుకోకుండా ఏళ్ల తరబడి చేశారు, పేరు తెలియక పొగడలేదు.

వాట్సాప్ గ్రూపులో శుభోదయాలు, రాజకీయాలు ఎక్కువయ్యాయి. ఏం చేయాలి?

రెండు గ్రూపులు పెట్టండి. ఒకటి 'పరుగు మాత్రమే', రెండోది 'టీ కొట్టు'. అసలు స్నేహాలు రెండోదాంట్లోనే కుదురుతాయి. దాన్ని మూసేయకండి.

ఇంట్లో ఒప్పుకోవడం లేదు.

రాత్రి పదింటికి పడుకుంటానంటే, మనవడి పుట్టినరోజు విందు మధ్యలో లేస్తానంటే ఎవరు మాత్రం ఒప్పుకుంటారు? వాదించి గెలిచినవాణ్ని నేను చూడలేదు. ఇంట్లోవాళ్లను ఒక ఆదివారం టీ కొట్టు దగ్గరికి తీసుకురండి. మనం ఎవరితో తిరుగుతున్నామో కళ్లారా చూస్తే సగం అనుమానం పోతుంది. మా ఇంట్లో మా అమ్మ అలాగే వచ్చారు. ఇప్పుడు ఆవిడ పార్కులో నడిచే గుంపుకు పెద్దదిక్కు, నేను ఆలస్యంగా లేస్తే నన్ను తిడుతున్నది ఆవిడే.

మా కాలనీలో గుంపు లేదు. మొదలుపెట్టాలంటే?

ముగ్గురు చాలు. టీ షర్టులు, లోగో, కమిటీ అప్పుడే వద్దు. కమిటీతో మొదలైన గుంపు మొదటి కొట్లాటదాకానే బతుకుతుంది. ఒక చోటు, ఒక వేళ పెట్టుకోండి, వానొచ్చినా వాటిని మార్చకండి. వేగంగా పరుగెత్తేవాళ్లు దూరం వెళ్లి వెనక్కి తిరిగి, చివరివాళ్లను కలుపుకుని రావాలి. అందరూ వచ్చాకే టీ. పది రోజులు రానివాళ్లకు మెసేజి కాదు, ఫోను చేయండి. 'ఎందుకు రాలేదు' అనకండి, 'ఒంట్లో బాగుందా' అనండి.

పొద్దున్నే మెసేజి పెట్టే పని మాత్రం మీలో అందరికన్నా నెమ్మదిగా పరుగెత్తేవాళ్లకు ఇవ్వండి. మాకు అది నాలుగూ నలభైకి వస్తుంది. నిన్న ప్రశ్నార్థకం పక్కన నా పేరుంది.